ట్యూబ్ నేర్చుకుంది

మేడ్చల్,
11 నవంబరు 2012.

చిరంజీవి నిఖత్‌కు దాదీ దువా.

బక్రీదు సెలవులకు వచ్చావు. మీ అబ్బా టైర్ల దుకాణంలో పాత టైరు లోపల నక్కి ఉన్న నల్ల పిల్లికూనను ఇంటికి తెచ్చావు. దానికి ట్యూబ్ అని పేరు పెట్టి, ముద్దులాడి, మళ్లీ శామీర్‌పేట హాస్టలుకు వెళ్లిపోయావు. పేరు పెట్టడం నీ వంతు, వెనక కడగడం నా వంతు అయింది.

సంగతి వరసగా చెబుతాను. ట్యూబుల పంక్చర్ చూసే పాత తొట్టిని మీ అబ్బా దుకాణం నుంచి తెచ్చి ఇచ్చాడు. నేను ఇసుక జల్లెడ పట్టి అందులో పోసి, స్నానాల గది పక్కన పెట్టాను. మొదట్లో బుద్ధిగానే దానిలోకి పోయింది. మురికి తొట్టి ఇంట్లో ఉండటం నాకు సరిపడదు కదా. రెండు పూటలా ఇసుక పారబోసి, తొట్టిని నల్ల ఫినాయిల్‌తో కడగడం మొదలుపెట్టాను. అంత శుభ్రమైన చోటు ఈ వీధిలో మనుషులకు కూడా లేదు. అయినా నీ ట్యూబ్ దాని దగ్గరికి వస్తుంది, వాసన చూస్తుంది, పోలీసు ఠాణా చూసినట్టు చూసి వెనక్కి తిరుగుతుంది. ఆ తర్వాత బియ్యం డబ్బా వెనుక ఉచ్చ పోస్తుంది. మీ అమ్మీ మడతపెట్టిన బట్టల మీద పోస్తుంది. నీ మంచం మీది బొంత మీద పోస్తుంది. నిన్న సాయంత్రం అసర్ నమాజుకు జానమాజ్ పరిచి, కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకుని వచ్చేసరికి దాని నడిమధ్య పోసి నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది.

పిల్లి ముట్టిన నీళ్లు పాక్, వజూకు పనికొస్తాయి; పిల్లి మూత్రం నాపాక్, అది అంటితే నమాజు చెల్లదు. ఈ తేడా దానికి ఎవరు నేర్పాలి?

మీ అబ్బా నవ్వుతున్నాడు. "బడిల పెద్ద పెద్ద పోరగాళ్లను సీదా జేసినవ్ అమ్మీ. గింత పిల్లికూన నీతోని కాకపాయె!" అన్నాడు. మీ అమ్మీ మాత్రం "ఇంకా పసిది గదా అమ్మీ, జర సబర్ చేద్దాం" అంటుంది. పసితనంలో వంగనిది తర్వాత వంగదు. పిల్లిని వీధిలో విడిస్తే పాపమని నాకు తెలుసు, విడవను. కానీ జనవరి సెలవులకు నువ్వు వచ్చేలోగా అది తొట్టిలో పోయడం నేర్చుకోకపోతే మార్కెట్టు దగ్గరి బియ్యం గోదాముకు ఇచ్చేస్తాను. అక్కడ ఎలుకలున్నాయి, జానమాజ్‌లు లేవు.

మీ హాస్టలులో ఫోను పనికిరాదన్నారు, మంచిదే. ఉత్తరం రాస్తే తెలుగు నిలుస్తుంది. చదువు ఎలా సాగుతున్నదో రాయి.

జహేదా


శామీర్‌పేట,
18 నవంబరు 2012.

దాదీకి సలాం.

మా ఉత్తరాలను వార్డెన్ సత్యమ్మ మేడం చదివి పోస్టు చేస్తారు కాబట్టి అక్షరాలు కుదురుగా రాస్తున్నాను. ఇక్కడ అన్నీ బాగున్నాయి. భోజనం బాగుంది. జువాలజీ సార్ బాగా చెబుతారు. నేను బాగా చదువుతున్నాను.

దాదీ, ట్యూబ్‌ను గోదాముకు ఇవ్వకు. నీ ఉత్తరం మా గదిలో బిందుకు చదివి వినిపించాను. బిందు అంటే తుర్కపల్లి ల్యాబుల వాళ్లను క్యాబులో తీసుకెళ్లే బాలేష్ అంకుల్ బిడ్డ, మీ అందరికీ తెలుసు. అది పడీ పడీ నవ్వి, "మీ దాదీని జూస్తే నాక్కూడ గట్లనే అయితది, ఇగ పిల్లికూనకు కాదా?" అంది. నేను నవ్వాను గాని తర్వాత నవ్వు రాలేదు.

అది మొండిది కాకపోవచ్చు. తొట్టి దగ్గర ఏదో భయం ఉండొచ్చు. లేకపోతే పోయేటప్పుడు మంట పుడుతుందేమో. మంట పుట్టిన చోటికి మళ్లీ పోవాలంటే కాళ్లు రావు కదా. ఆపుకుని ఆపుకుని, ఇక ఆగక, ఎక్కడుంటే అక్కడ అయిపోతుందేమో. అది కావాలని చేసేది కాదు దాదీ. అయ్యాక దానికి ఎంత సిగ్గుగా ఉంటుందో ఎవరికి తెలుసు. నీ ముఖంలోకి చూసిందంటే అందుకే చూసి ఉంటుంది.

దాన్ని కొట్టవద్దు. అరవవద్దు. తొట్టిని ఎవరూ చూడని మూలకు జరిపి చూడు.

నిఖత్


మేడ్చల్,
25 నవంబరు 2012.

చిరంజీవి నిఖత్‌కు దువా.

పిల్లికి సిగ్గు ఉంటుందని రాశావు. ఉంటే ఈపాటికి తొట్టిలో పోసేది.

నువ్వు చెప్పినట్టే మూలకు జరిపాను. లాభం లేదు. అది పోసిన ప్రతి చోటా ఫినాయిల్ పోసి తుడిచాను. వాసన పోతే అలవాటు పోతుందని అనుకున్నాను. ఇల్లంతా ఆసుపత్రిలా ఉందని మీ అబ్బా ముక్కు మూసుకుంటున్నాడు. ఇప్పుడు అది చాటుగా కూడా కాదు, నడుస్తూ నడుస్తూ ఆగి రెండు చుక్కలు పోస్తుంది, మళ్లీ నడుస్తుంది, మళ్లీ ఆగుతుంది. పోసినప్పుడల్లా మ్యావ్ అని అరుస్తుంది. తప్పు చేసి పైగా అరవడం ఒకటి.

మొన్నటి నుంచి దాన్ని స్నానాల గదిలో తొట్టితో పాటు పెట్టి తలుపు వేస్తున్నాను. వేరే చోటు లేకపోతే ఉన్న చోటే పోయాలి. బడిలో అల్లరి పిల్లలను ఒక్కరినే ముందు బెంచీలో కూర్చోబెడితే దారికి వచ్చేవారు. మొదట గోల చేస్తుంది, తర్వాత ఊరుకుంటుంది. మీ అమ్మీకి వినబుద్ధి కాక వంటింట్లో నల్లా తిప్పి పెట్టుకుంటున్నది.

భయం గురించి రాశావు. భయమే నేర్పుతుంది. మీ అబ్బాకు లెక్కలు, నీకు తెలుగు అలాగే వచ్చాయి.

నీ ఉత్తరంలో 'బాగుంది' అన్న మాట వరసగా కనిపించింది. బడిలో అలా రాసే పిల్లల నోటుపుస్తకాలు నేను మళ్లీ తిరగేసి చూసేదాన్ని. ఏం బాగుందో, ఏం బాగాలేదో విడివిడిగా రాయి.

జహేదా


శామీర్‌పేట,
2 డిసెంబరు 2012.

దాదీ,

ఈ ఉత్తరం మేడం చూడలేదు. బిందును చూడటానికి వచ్చిన బాలేష్ అంకుల్ చేతికి ఇస్తున్నాను. విడివిడిగా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను.

మా అంతస్తులో బాత్రూములు ఒక గ్రిల్లు వెనుక ఉన్నాయి. స్టడీ అవర్‌లో ఆ గ్రిల్లుకు తాళం వేస్తారు. ఒంటికి పోయే సాకుతో ఆడపిల్లలు కబుర్లు చెప్పుకుంటారని. తాళం చెవి మేడం దగ్గర ఉంటుంది. అందరి ముందూ లేచి నిలబడి అడగాలి. "గిప్పుడే పోయొచ్చినవ్ గదే, మళ్లేంది? కూసో" అంటుంది. తాళం తీసినప్పుడు లోపల నీళ్లుండవు, లేకపోతే కాలు పెట్టలేనట్టు ఉంటుంది. అందుకని మేమంతా నీళ్లు తాగడం మానేశాం. బిందు నోరు తడుపుకుని ఉమ్మేస్తుంది. నేనూ అంతే.

బక్రీదు సెలవుల నుంచి తిరిగి వచ్చినప్పటి నుంచీ నాకు మంటగా ఉంది. పోయినా పోయినట్టుండదు. మళ్లీ అడగాలంటే భయం. గురువారం ఫిజిక్స్ స్టడీలో అడిగితే కూర్చోమంది. మళ్లీ అడిగితే చేతిలో పుస్తకంతో బల్ల మీద కొట్టింది. ఇంక నాకు ఆగలేదు దాదీ. బెంచీ మీదే అయిపోయింది. ముందు వరుసలోని పిల్ల కాళ్ల కిందికి పారింది. మేడం నా చేతికి ఫినాయిల్ సీసా, చీపురు ఇచ్చి అందరి ముందు కడిగించింది. ఇప్పుడు నేను వస్తుంటే "నల్లా వచ్చింది, బిందెలు పట్టుండ్రే" అంటున్నారు.

సల్వార్లు సరిగ్గా ఆరవు. పాక్‌గా ఉన్నానో లేదో నాకే తెలియడం లేదు. అందుకని నమాజు మానేశాను. నీకు చెప్పకుండా ఉండలేక చెబుతున్నాను.

అబ్బాకు చెప్పు దాదీ. నేను మేడ్చల్ కాలేజీలోనే చదువుకుంటాను, ఇంట్లో ఉండి. ఫస్టు వస్తాను, నా మాట నమ్ము. వచ్చి తీసుకుపో. అబ్బాకు నేను చెప్పలేను, అమ్మీ చెబితే అబ్బా వినడు. నువ్వు చెబితేనే అవుతుంది.

ట్యూబ్‌ను గదిలో పెట్టి తలుపు వేయకు. దయచేసి.

నిఖత్


మేడ్చల్,
6 డిసెంబరు 2012.

చిరంజీవి నిఖత్‌కు దువా.

బాలేష్ తెచ్చిన ఉత్తరం చదివాను. మీ అబ్బాకు చూపలేదు. చూపితే దుకాణం మూసి, అక్కడికి వచ్చి గొడవ చేస్తాడు, నీ చదువు నడిమధ్యలో పోతుంది. మన ఇంట్లో ఆడపిల్లల్లో డాక్టరు చదువు వరకూ పోగల తల నీకే ఉంది. నేను టీచర్ ట్రైనింగుకు వెళ్లినప్పుడు హాస్టలులో దీపం కూడా ఉండేది కాదు. సర్దుకున్నాను.

స్టడీకి కూర్చోకముందే వెళ్లి రా. మంటకు జీలకర్ర నీళ్లు తాగు. శరీరం మనం చెప్పినట్టు వింటుంది, మనం గట్టిగా చెబితే. జరిగినదానికి సిగ్గుపడి కూర్చోకు. బట్టలు నీళ్లతో జాడించుకుని నమాజు చేసుకో, అల్లాకు నీ సంగతి తెలుసు.

నీ ట్యూబ్ సంగతి. అది నేర్చుకుంది. ఇప్పుడు ఎక్కడా పోయడం లేదు. జానమాజ్ వంక కూడా రాదు. ఇంట్లో వాసన లేదు, అరుపులు లేవు. తొట్టిని కడిగి మిద్దె మీద ఎండలో బోర్లించాను. నోరు లేని జీవమే పట్టుదలతో నేర్పితే దారికి వచ్చిందంటే, ఇంత చదివిన పిల్లవు నువ్వు నేర్చుకోలేవా? దాన్ని చూసి నేర్చుకో.

అర్ధ సంవత్సరం పరీక్షలు అయ్యేదాకా ఇలాంటి ఉత్తరాలు రాయకు. మనసు చెదురుతుంది, నీదీ, నాదీ.

జహేదా


శామీర్‌పేట,
16 డిసెంబరు 2012.

దాదీకి సలాం.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. ట్యూబ్ నేర్చుకుందని తెలిసి సంతోషం. బిందుకు కూడా చెప్పాను.

నేనూ నేర్చుకుంటున్నాను. పొద్దున టిఫిన్‌తో కొంచెం నీళ్లు, అంతే. సాయంత్రం స్టడీలో ఇప్పుడు అసలు అడగడం లేదు. మేడం నిన్న "నిఖత్‌ను జూసి నేర్చుకోండ్రే" అని అందరికీ చెప్పారు. గట్టిగా అనిపించినప్పుడు కళ్లు మూసుకుని ట్యూబ్‌ను తలుచుకుంటాను. అంత చిన్న ప్రాణం ఆపుకుంటోంది, నాకేమయింది అనుకుంటాను.

నడుము దగ్గర కొంచెం నొప్పి. సాయంత్రమైతే చలి పుట్టి జ్వరం వస్తోంది. పరీక్షలు దగ్గరపడ్డాయి కాబట్టి అలా ఉంటుందని మేడం మాత్ర ఇచ్చారు. తగ్గుతుంది.

ఒక సంగతి అర్థం కాలేదు. తొట్టి మిద్దె మీద బోర్లించి ఉంటే ట్యూబ్ ఎక్కడ పోస్తోంది? బయటికి పోవడం కూడా నేర్చుకుందా? జనవరిలో వచ్చి చూస్తాను. నా తరఫున దానికి పాలు పెట్టు.

నిఖత్


మేడ్చల్,
24 డిసెంబరు 2012.

నిఖత్,

ఈ ఉత్తరం మీ అబ్బా చేతికి ఇస్తున్నాను. నువ్వు ఆసుపత్రిలో కూర్చోగలిగినప్పుడు ఇమ్మని చెప్పాను. నువ్వు చదవకముందు నీ మంచం దగ్గరికి రావడానికి నాకు హక్కు లేదు.

శుక్రవారం బాలేష్ క్యాబు మన వాకిట్లో ఆగింది. "అమ్మా, జల్దీ జలాల్ అన్నను పిలువుండ్రి. మీ పిల్ల లేస్తలేదు. మా బిందు ఆఫీసు ఫోను గుంజుకొని నాకు జేసింది. ఒళ్లు కాలిపోతాంది, నేనే కొంపల్లి దవాఖానకు తీస్కపోయిన" అన్నాడు. మీ అబ్బా, అమ్మీ ఎలా ఉన్నవాళ్లు అలా వెళ్లారు. మూత్రంలో పుట్టిన చీము కిడ్నీలకు పాకిందనీ, ఒకటి బాగా దెబ్బతిన్నదనీ, అది మళ్లీ సరిగా పని చేస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమనీ డాక్టరు అన్నాడట. మీ అమ్మీ ఇంటికి బట్టల కోసం వచ్చినప్పుడు నన్ను ఒకే మాట అడిగింది. "జ్వరంల ఒకటే మాట అంటాంది అమ్మీ. ట్యూబ్ నేర్చుకుంది, ట్యూబ్ నేర్చుకుంది అని. ఏం రాసినవ్ దానికి?"

నేను ఏం రాశానో మీ అమ్మీకి చెప్పాను. నీకూ చెబుతున్నాను. ట్యూబ్ నేర్చుకోలేదు. ట్యూబ్ చచ్చిపోయింది. నేను నీకు 'నేర్చుకుంది' అని రాయడానికి రెండు రోజుల ముందే చచ్చిపోయింది.

బాలేష్ నీ ఉత్తరం ఇచ్చిన మరునాడు స్నానాల గది తలుపు తీస్తే అది తొట్టిలో లేదు. నల్లా కింద గచ్చు మీద పక్కకు ఒరిగి ఉంది. కింద రెండు చుక్కలు, ఎర్రగా. పాదాల అడుగున తోలు ఊడిపోయి ఉంది. దాన్ని నా చున్నీలో చుట్టుకుని పశువుల దవాఖానకు తీసుకుపోయాను. అక్కడి డాక్టరు ఇంకా ముట్టుకోక ముందే వాసన పట్టాడు. "ఏం పోస్తున్నరమ్మా దీని మీద?" అన్నాడు. తొట్టిని ఫినాయిల్‌తో కడుగుతున్నానని చెప్పాను, కొంత గర్వంగానే చెప్పాను. "పిల్లులకు ఫినాయిల్ విషం. కాళ్లకు అంటింది, నాక్కుంది, కడుపులకు పోయింది. ఆ తొట్టిల నిలబడితె కాళ్లు కాల్తయి గదా, ఎట్ల పోస్తది? పైనుంచి మూత్రం తిత్తి వాచిపోయింది. గది మొండితనం కాదమ్మా, నొప్పి. అరిచినప్పుడన్న తీసుకురాకపోయిండ్రు" అన్నాడు. సూది వేశాడు. ఇంటికి వచ్చే దారిలో ఆటోలో నా ఒడిలో ఇంకోసారి పోసింది. చున్నీ ఇంకొంచెం దగ్గరికి చుట్టాను. ఇంటికి చేరేసరికి ప్రాణం లేదు. మీ అబ్బా దుకాణం వెనుక మట్టి తవ్వి పెట్టాడు.

నాపాక్ అయినదాన్ని నీళ్లతో మూడుసార్లు జాడిస్తే పాక్ అవుతుంది. మన ఇంట్లో నమాజు నేర్చుకునే చిన్నపిల్లకు కూడా ఇది తెలుసు. నేనే నీకు నేర్పాను. మన దీన్, మన ధర్మం నన్ను నీళ్లు మాత్రమే అడిగింది. నాకు నీళ్లు చాలలేదు.

ఇంతకంటే పెద్ద మాట ఇంకా ఉంది. డాక్టరు 'మొండితనం కాదు, నొప్పి' అన్నది విన్న తర్వాతే నేను నీ ఉత్తరానికి జవాబు రాశాను. నీ ఉత్తరం నా దిండు కింద ఉంది. రెండూ ఒకటేనని నాకు తెలిసింది. తెలియలేదని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది. నిన్ను తీసుకురావాలంటే, తలుపు వేసింది తప్పని ముందు నేను ఒప్పుకోవాలి. పిల్లి విషయంలో ఒప్పుకుంటే నీ విషయంలో ఒప్పుకోవాలి, ఆ వెనుక ఇంకా ఎందరి విషయంలోనో. ఆ పూట నాకు అంత ధైర్యం లేకపోయింది. అది బతికి ఉన్నట్టు, నా పద్ధతి గెలిచినట్టు రాశాను. నువ్వు నమ్మావు. నా మాట ఎప్పుడూ నమ్మాలని నిన్ను పెంచింది నేనే.

నీ పేరు కాలేజీలో తీసివేయించమని మీ అబ్బాకు చెప్పాను. అతడు నా ముఖం చూడకుండా తల ఊపాడు.

ఫినాయిల్ సీసాలన్నీ పారబోశాను. ఇల్లంతా నీళ్లతో కడిగాను. నీ మంచం మీది బొంత ఒక్కటి కడగలేకపోయాను. దాని మీద ట్యూబ్ పోసిన మరక అలాగే ఉంది, వాసన కూడా. రోజూ చేతిలోకి తీసుకుంటున్నాను, మళ్లీ పెడుతున్నాను. నువ్వు ఉతకమంటే ఉతుకుతాను.

రమ్మంటే వస్తాను.

జహేదా


కొంపల్లి, ఆసుపత్రి,
30 డిసెంబరు 2012.

దాదీ,

అబ్బా నీ ఉత్తరం ఇచ్చి బయటికి వెళ్లి నిలబడ్డాడు. చదివాను. బాలేష్ అంకుల్‌తో బిందు బత్తాయిలు పంపింది, అవి ఒలుస్తూ అమ్మీ నన్ను చూస్తూ కూర్చుంది. నేను ఏడవలేదు. ఏడిస్తే నడుములో నొప్పి వస్తుంది.

ఇక్కడ నా మంచానికి నాలుగు అడుగుల దూరంలోనే బాత్రూము ఉంది. తలుపుకు తాళం లేదు. అయినా ప్రతిసారీ సిస్టర్‌ను అడుగుతున్నాను. పోనా అని. ఆమె నవ్వుతుంది. "గిది గూడ అడుగుతరా బిడ్డా? పో" అంటుంది. ఆమె లేనప్పుడు ఆమె వచ్చేదాకా ఆపుకుంటున్నాను. నిన్న అమ్మీ అది చూసి గోడ వైపు తిరిగింది. నేను మానలేకపోతున్నాను. బాగా నేర్చుకున్నాను దాదీ.

నువ్వు అబద్ధం రాస్తావని నేను ఎప్పుడూ అనుకోలేదు. తొట్టి బోర్లించావని చదివినప్పుడే నాకు ఏదో అనిపించింది. కానీ రాసింది నువ్వు కదా. అందుకని నా తలదే తప్పు అనుకున్నాను.

దానికి పాలు పెట్టమని రాశాను. ఆ ఉత్తరం నీకు అందిన రోజు నువ్వేం చేశావో అడగను.

నిన్ను రా అని రాయలేకపోతున్నాను. రావద్దని కూడా రాయలేకపోతున్నాను. ఇంటికి వస్తాను, ఎప్పుడని డాక్టరు ఇంకా చెప్పలేదు.

బొంత ఉతకకు. నేనొచ్చాక నేనే ఉతుకుతాను. వట్టి నీళ్లతో.

నిఖత్